బోరులోకి బురద నీళ్లు వదలొద్దు

మొన్న వానకు మా పక్క చేను తమ్ముడు కాలువ తీసి, వరద నీళ్లను నేరుగా ఎండిన బోరు కేసింగులోకి తిప్పాడు. "ఎట్లా తాగుతోందో చూడన్నా" అని సంబరంగా ఫోన్లో వీడియో చూపించాడు. నాకు గుండె గుభేలుమంది. ఒకప్పుడు నేనూ అదే పని చేసినోణ్ణే. మొదటి వానకు బాగానే తాగింది. మూడో వానకు కేసింగు నిండి పైకి పొర్లింది. రెండించులు పోసే బోరు ఆ ఎండాకాలం ఇంచు కూడా పోయలేదు.

అనంతపురం వైపు, తెలంగాణలో చాలా ఊళ్ల కింద ఉన్నది గ్రానైటే. గట్టి బండలో నీళ్లుండవు. పైన మెత్తబడ్డ రాతిలో, కింద బండ పగుళ్లలో ఉంటాయి. వరద నీళ్లతో వచ్చే బంకమట్టి రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కన్నా చిన్నది. "అంత చిన్నది నీళ్లతో పాటే పోతుంది గదన్నా" అన్నాడు తమ్ముడు. ఒక్కటైతే పోతుంది. జాతరలో గుడి వాకిలి చూడండి. ఒక్కొక్కరు పోతే ఎంతమందైనా పోతారు, పదిమంది ఒకేసారి తోసుకుంటే అందరూ ఇరుక్కుంటారు. పగులు సన్నబడే చోట రేణువులు అట్లాగే అడ్డం పడతాయి. వెనక వచ్చినవి మిగిలిన సందుల్నీ పూడ్చేస్తాయి.

కంప్రెసర్‌తో ఫ్లషింగ్ చేయిస్తే పోదా అంటారు. బోరు గోడల దగ్గరున్నది వస్తుంది, పగులు లోపలికి పోయి కూర్చున్నది రాదు. డబ్బులు పోసి చూసినోణ్ణి చెప్తున్నా. ఎండిన బోరే కదా అనుకోవద్దు, ఆ పగులే పక్కోడి బోరుకు దారి కావచ్చు. చేలో కొట్టిన మందులు కూడా ఆ నీళ్లతోనే దిగుతాయి.

వాన నీళ్లు ఇంకించొద్దని కాదు నా మాట. ముందు ఒక గుంతలో నిలవనిచ్చి, తేరిన నీళ్లనే కేసింగు చుట్టూ తీసిన ఇంకుడు గుంతలోకి పంపండి. ఆ గుంతలో అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, పైన ఇసుక. లోపలున్న కేసింగుకు బెజ్జాలు వేసి జాలీ చుట్టాలి. బంక తొందరగా తేరదు, ఇసుక మీదే పొర కడుతుంది. ఏటా వానలకు ముందు ఆ పొర గీకి కొత్త ఇసుక పోయాలి. గుంత తవ్వేదాకా అందరికీ ఉత్సాహమే, గీకేటప్పుడు ఒక్కరూ కనపడరు. మా ఊరి గుంతల్లో ఇప్పుడు నీళ్లు ఇంకడం లేదు, దోమలు మాత్రం బాగా పెరుగుతున్నాయి.

తమ్ముడు నిన్న కాలువకు అడ్డకట్ట వేశాడు. ఇసుకకు ట్రాక్టరు మాట్లాడుతున్నాం. ఇట్లా కాలువ తిప్పినోళ్లు ఎవరైనా ఉంటే ఇవాళే మూసేయండి, పడమర మళ్లీ మబ్బు పట్టింది.