పచ్చకార్డు ముందా, పెండ్లి ముందా?

మా నిడమనూరు ప్రాంతమునకు సాగరు ఎడమకాలువ నీరు వచ్చెను, వరి పండెను, వరి పండిన యిండ్ల పిల్లలు కొందరు ఇంజనీరింగు చదివి అమెరికా చేరిరి. మా వారియొద్ద ఓనమాలు దిద్దినవారును వారిలో నున్నారు. వారి తల్లులు మాతో తరచుగా ననుమాట యొకటి కలదు: "గ్రీన్ కార్డు రానిండమ్మా, అటుపిమ్మట నిశ్చింతగా పెండ్లి చేసెదము." సోదరీమణులారా, ఈ మాట వివేకమువలెనే తోచును గాని, విన్నప్పుడెల్ల మాకు గుండె ఝల్లుమనును.

అచ్చట ఉద్యోగమునకు బోవువారికి హెచ్ 1 బి వీసా మొదట మూడేండ్లకు, పొడిగించినచో మొత్తము ఆరేండ్లకు నిత్తురు. శాశ్వతనివాసమునకు సాధారణముగా యజమానియే అర్జీ పెట్టవలెను. ఆ పనికి తగిన స్థానికుడు దొరకలేదని కార్మికశాఖ ధ్రువపరచిన పిదప ఐ 140 అను పత్రము దాఖలగును. తొలి దరఖాస్తు చేరిన దినమే అబ్బాయి వరుస తేది. మిల్లు ముంగిట ధాన్యపు బండ్లు నిలిచినట్లే యనుకొనుడు. ఉద్యోగముల మూలమున ఏటికి నిచ్చునవి సుమారు 1,40,000 కార్డులు. భార్యాబిడ్డలకు నిచ్చునవియు నందే లెక్క. ఒక్కొక్క దేశమునకు నూటికి 7 పాళ్లని కట్టడి గలదు. అందుచే భారతదేశమున బుట్టినవారిలో పెక్కుమందికి వరుస పదియేండ్లు దాటినది. ఐ 140 ఆమోదమైనవారికి ఆరేండ్లు మీరినను వీసా పొడిగించుటకు 2000 సంవత్సరపు చట్టము దారి చూపెను. ఈలోపల ఉద్యోగము పోయినచో గడువు అరువది దినములకు మించదు.

ఇక పెండ్లి మాట. కార్డు మంజూరగు నాటికి భార్యయైనామెకు భర్త వరుసలోనే పాలు గలదు. ఆతనితో గాని, వెనుక గాని కార్డు పొందవచ్చును. మరునాడు తాళి గట్టించుకొన్న యామెకు ఆ పాలు లేదు. భర్త వేరుగా అర్జీ పెట్టవలెను, ఆమె వేరొక వరుసలో నిలువవలెను. భర్త హెచ్ 1 బి మీద నున్నంతకాలము భార్యకు దొరకెడి హెచ్ 4 వీసాయు అప్పటికి ఉండదు. ఆతడు సాధారణముగా అయిదేండ్లు గడపి పౌరుడైననే ఆమెకు వరుస తప్పును. అంతవరకు కొత్తకోడలు అత్తవారింట ఫోను చూచుకొనుచు గూర్చుండుటయేనా?

హెచ్ 4 జీవితము పూలపాన్పని మే మనము. చదివిన పిల్ల యింటనే యుండవలసి వచ్చుట చిన్న బాధ కాదు. ఐ 140 ఆమోదమైనవారి భార్యలు అనుమతి పొంది పని చేసికొనవచ్చునని 2015లో నియమము వచ్చెను. కావున ఆడపిల్ల తల్లులు జీతమెంతయని యడుగుటకు ముందు, "ఐ 140 ఆమోదమైనదా? వరుస తేది యే సంవత్సరము?" అని యడుగవలెను. ఇందు సిగ్గుపడవలసినది లేదు.

పెండ్లి జరిగిన వెంటనే రిజిస్ట్రేషను పత్రము పొందుడు, శుభలేఖ చాలదు. మనము ఇంటిపేరు ముందు వ్రాయుదుము, వారు తుదకు వ్రాయుదురు. పాస్‌పోర్టులోని పేరు, ఆ పత్రములోని పేరు అక్షరము తేడాలేక యున్నవో లేవో ముహూర్తమునకు ముందే చూచుకొనుడు.