నేలనంటిన రథము

1956వ సంవత్సరము డిసెంబరు 20వ తేదీన ఇంగ్లండు ప్రధానామాత్యుడు సర్ ఆంటొనీ ఈడెన్ కామన్సు సభలో నిలుచుండి, ఇజ్రాయేలు ఐగుప్తుపై దాడి చేయనున్నదను సంగతి తనకు ముందుగా తెలియదని పలికెను. ఆ మాట అసత్యము. అసత్యమని ఆ సభలోనే కొందఱు మంత్రులకు తెలియును. పారిసు నగరమునను, జెరూసలేమునను మఱికొందఱకు తెలియును. వాషింగ్టనువారు అప్పటికే గట్టిగా అనుమానించుచుండిరి. తరువాత ఇరువది దినములకు, 1957 జనవరి 9వ తేదీన, ఆయన పదవిని వీడెను. అనారోగ్యమే కారణమని ప్రకటించిరి. ఆయన శరీరమున వ్యాధి యుండిన మాట నిజమే; కాని అంతకు మించిన వ్యాధి యొకటి అప్పటికే ఆయన దేశపు పరువును పట్టుకొని యుండెను.

భారతకథ నెఱిగిన మన పాఠకులకు ద్రోణవధ ఘట్టము జ్ఞాపకముండకపోదు. ధర్మరాజు రథము భూమికి నాలుగు వ్రేళ్ల యెత్తున నడచుచుండెడిదట. ద్రోణుని చెవికి అర్ధసత్యమొకటి వేసిన నాడు ఆ రథము అందఱి రథములవలెనే నేలనంటెను. ధర్మరాజు యుద్ధమునైనను గెలిచెను. ఈడెన్ దొరకు ఆ లాభము సైతము చిక్కలేదు.

ఒక దేశమునకు పరదేశములయందుండు గౌరవమును గూర్చి మాటలాడునప్పుడు అనేకులు సేనలను, ఓడలను, బంగారు నిలువలను లెక్కపెట్టుదురు. 1956 నాటి ఇంగ్లండు చరిత్రను శ్రద్ధగా చదివినవారికి ఈ లెక్క తప్పని తోచును. ఆ దేశపు సేన ఐగుప్తులో ఓడిపోలేదు. వారి విమానములు ఐగుప్తు విమానములను నేలమీదనే ధ్వంసము చేసెను. వారి పరాచూటు దళములు దిగిన రెండు దినములలో పోర్టు సయీదు వారి వశమయ్యెను. వందలకొలది ఐగుప్తీయులు మడసిరి; ఇంగ్లీషువారి నష్టము బహు స్వల్పము. అయినను ఆ దేశము ఆ యొక్క పక్షములో పోగొట్టుకొన్నంత ప్రతిష్ఠను అనేక యుద్ధములలో ఓడినవారును పోగొట్టుకొనలేదు. ఏల?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు ఈడెన్ ఎట్టివాడో చెప్పవలెను. ఆయన మూర్ఖుడు కాడు, అవిద్యావంతుడును కాడు. ఆక్స్‌ఫర్డులో పారసీక, అరబ్బీ భాషలు చదివి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైనవాడు. 1938లో ముస్సోలినీతో రాజీకి సిద్ధపడిన చేంబర్లేనుతో పొసగక విదేశాంగ మంత్రి పదవిని త్యజించినవాడు. ఐక్యరాజ్య సమితి పుట్టిన 1945 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో మహాసభలో తన దేశమునకు ప్రతినిధియై కూర్చుండినవాడు. ఇండోచైనా యుద్ధమును ఆపుటకు 1954లో జెనీవాలో జరిగిన మహాసభకు మొలొటోవుతో పాటు సహాధ్యక్షత వహించినవాడు. సూయజు మండలమునుండి తన సేనలను తీసివేయుటకు ఐగుప్తుతో ఆ సంవత్సరమే కుదిరిన ఒడంబడికయు ఆయన విదేశాంగ మంత్రిగా నున్నప్పటిదే. దౌత్యమే జీవితముగా గలవాడు దౌత్యమును చంపెనన్నచో వినువారికి వింతగా నుండును. మాకు మాత్రము ఇందులో వింత కనబడదు. ఆయన సూయజులో నాసర్‌ను చూడక 1938 నాటి ముస్సోలినీని చూచెను. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు వ్రాసిన జాబులలో ఆ పోలికనే తెచ్చెను. ఒకనాటి తన ఘనతకు బందీయైన నాయకునికి ఎదుట నున్న మనుష్యుడు కనబడడు.

కాలువ సంగతి అందఱెఱిగినదే. 1869లో తెఱువబడినది. 1875లో డిజ్రేలీ నలువది లక్షల పౌనులిచ్చి ఖెదీవు వాటాలను కొనెను. 1882లో ఇంగ్లీషు సేనలు ఐగుప్తులో దిగెను. అవి పూర్తిగా తొలగిపోవుటకు 1956 జూను వచ్చెను. ఆ జూలై 19వ తేదీన అమెరికా, దాని వెంటనే ఇంగ్లండును, ఆస్వాను ఆనకట్టకు ఇచ్చెదమన్న ధనసహాయమును ఉపసంహరించుకొనిరి. ఒక వారము గడచిన పిదప నాసర్ అలెగ్జాండ్రియాలో సూయజు కంపెనీని జాతీయము చేసితినని ప్రకటించెను. వాటాదారులకు పరిహారమిచ్చెదననియు చెప్పెను. ఈ చర్య తొందరపాటని అనదలచినవారు అనవచ్చును. కాని తన నేలమీది కంపెనీని పరిహారమిచ్చి స్వాధీనము చేసికొనుట దోపిడి యనుట, ఆ నేలను డెబ్బదినాలుగేండ్లు విడువక త్రొక్కియుండినవారి నోట శోభించలేదు. ఐగుప్తీయులు కాలువను నడుపలేరనిరి. సెప్టెంబరు మధ్యమున కంపెనీ పడమటి పైలటులను పిలిపించుకొనెను. ఐగుప్తీయులును మిగిలిన కొందఱు గ్రీకులును ఓడలను నిరాటంకముగా నడిపిరి. మన దేశస్థులకు ఈ మాట కొత్త కాదు. మేము చేతగానివారమని మాకును చాలకాలము చెప్పిరి.

రాజీకి దారి లేకపోలేదు. ఆగస్టులో లండనులో జరిగిన సభలో మన ప్రతినిధి కృష్ణమీనన్ కాలువపై ఐగుప్తు స్వామ్యమును అంగీకరించుచు, దానిని వాడుకొను దేశములకు సలహాసంఘము నేర్పఱచు పథకమును తెచ్చెను. అది అధికసంఖ్యాకులకు రుచింపలేదు. అయినను అక్టోబరు 13వ తేదీన భద్రతాసమితి ఆఱు సూత్రములను ఏకగ్రీవముగా నంగీకరించెను. ఐగుప్తు విదేశాంగ మంత్రియు వానికి సమ్మతించియుండెను. ఆ మఱునాడే, సరిగా ఆ మఱునాడే, ఫ్రెంచి ప్రతినిధు లిరువురు ఈడెన్ గ్రామీణ నివాసమునకు రహస్యముగా వచ్చి వేఱొక పథకమును ముందుంచిరి. ఇజ్రాయేలు ఐగుప్తుపై దండెత్తును. ఇంగ్లండు, ఫ్రాంసు యుద్ధము నాపువారి వేషమున వచ్చి కాలువను పట్టుకొనును. అక్టోబరు 22 మొదలు 24 వఱకు పారిసు చెంత సెవ్రు గ్రామములో ఒక గృహమున ఈ కుట్ర కాగితమున కెక్కెను. ఇంగ్లండు విదేశాంగ మంత్రి సెల్విన్ లాయిడ్ జలుబు చేసినదని చెప్పి తన కార్యక్రమములను మానుకొని ఆ సభకు పోయెను. మహాసామ్రాజ్యపు విదేశాంగ మంత్రి బడి యెగ్గొట్టు పిల్లవానివలె జలుబు సాకు చెప్పవలసి వచ్చినదన్నచో, ఆ పని ఎట్టిదో ఆయన మనస్సునకే తెలిసియుండునని మా యూహ.

29వ తేదీన ఇజ్రాయేలు సేనలు సినాయిలో దిగెను. 30వ తేదీన ఇంగ్లండును ఫ్రాంసును ఇరుపక్షములకును పండ్రెండు గంటల గడు విచ్చిరి: ఉభయులును కాలువకు పదిమైళ్ల దూరమునకు తొలగవలెను. ఈ తాఖీదులోని విడ్డూరమును గమనింపుడు. ఇజ్రాయేలీలు అప్పటికి కాలువకు ఎంతో దూరమున నుండిరి. వారు తొలగుటకు బదులు ముందుకు రావచ్చును. ఐగుప్తీయులు మాత్రము స్వదేశమున, తమ కాలువ యొడ్డునుండి వెనుకకు పోవలెను. దొంగయు ఇంటివాడును కలియబడగా తగవు తీర్చవచ్చిన పెద్దమనిషి, ఇరువురును గడపకు పదియడుగుల దూరమున నిలువుడనినట్లున్నది. పంచతంత్రములో కుందేలును కపింజలమును పిల్లిని తీర్పరిగా నమ్మి చెడిన కథ కలదు. ఆ పిల్లియైనను వాదులలో ఒకరితో ముందుగా ఒప్పందము చేసికొనలేదు.

ఆ దినమే భద్రతాసమితిలో అమెరికా తెచ్చిన తీర్మానమును ఇంగ్లండు తన నిషేధాధికారముతో త్రోసివేసెను. సమితి పుట్టినది మొదలు ఇంగ్లండు ఆ యధికారమును వాడుట అదియే ప్రథమము. వాడినది తన మిత్రుని తీర్మానముపై. నవంబరు 2వ తేదీన సర్వప్రతినిధి సభ యుద్ధము నాపవలెనని తీర్మానించినప్పుడు అనుకూలురు 64, ప్రతికూలురు 5. ఆ అయిదుగురిలో ముగ్గురు దాడి చేసినవారే. తక్కిన యిరువురు ఆస్ట్రేలియా, న్యూజీలండు. కనడా సైతము తటస్థముగా నుండిపోయెను. అంతవఱకు ఇంగ్లండు మాటకు తలయూపుచు వచ్చినవారు ఆ రాత్రి తలలు త్రిప్పుకొనిరి.

తరువాత ధనము సంగతి. కాలువను కాపాడుటకు పోయినవారి రాకతో ఆ కాలువయే మూతపడెను. ఐగుప్తు నలువదికి పైగా ఓడలను అందులో ముంచివేసెను. చమురు ఆగిపోయెను. పౌనుపై లోకమునకు నమ్మకము తప్పి, నవంబరు మాసమందే ఇంగ్లండు ఖజానానుండి సుమారు 28 కోట్ల డాలర్లు తరలిపోయెను. అంతర్జాతీయ ద్రవ్యనిధినుండి సాయము కావలెను. అందుకు అమెరికా సమ్మతి కావలెను. బలప్రయోగము వలదని వేసవినుండియు హెచ్చరించుచు వచ్చిన ఐసెన్‌హోవరు, సేనలు మరలునంతవఱకు చేయి చాపలేదు. దాడికి ముందు ఉత్సాహపడిన ఆర్థికమంత్రి మాక్మిలనే ఇక నాపక తప్పదనెను. నవంబరు 6 అర్ధరాత్రికి కాల్పులు నిలిచెను. డిసెంబరు 22 నాటికి ఇంగ్లీషు సేనలు వెడలిపోయెను. డబ్బు అందుటయు ఆ డిసెంబరుననే. లండనులో పెట్రోలును చీటీలపై ఇచ్చుటకు ఏర్పాట్లు జరుగుచుండగా ప్రధానామాత్యుడు వైద్యుల సలహాపై జమైకా ద్వీపమున విశ్రాంతి తీసికొని తిరిగివచ్చెను. ఆయన ఆరోగ్యమును మేము పరిహసింపము. ఆ కాలనిర్ణయమును మాత్రము ఆయన ప్రజలే క్షమింపలేదు.

ఈ నష్టము ఎంత లోతునకు పోయెనో తెలుపు చిన్న సంగతి యొకటి కలదు. శాంతిరక్షణకై సమితిసేన నొకదానిని ఏర్పఱచు ఆలోచనను సమితి ముందుంచినవాడు కనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్. ఆ కృషికే ఆయనకు 1957లో నోబెల్ శాంతి బహుమానము వచ్చెను. అట్టి కనడా ఆ సేనకొఱకు పంపదలచిన పటాలమును ఐగుప్తు వలదనెను. ఆ పటాలము పేరు ‘క్వీన్సు ఓన్ రైఫిల్సు’. దుస్తులును ఇంగ్లీషు సైనికులవే. కనడా చేసిన నేరమేమియు లేదు. చుట్టరికమే నేరమయ్యెను. మన దేశపు సైనికులు మాత్రము ఆ సేనలో చేరి 1967 వఱకు ఆ యెడారిలో కావలియుండిరి.

అట్లని ఇంగ్లండు పరువు పూర్తిగా పోయెనా? పోలేదు; పోకుండుటకు కారణము ఈడెనును సమర్థించినవారు కారు. నవంబరు 4వ తేదీన లండను ట్రఫాల్గరు చౌకులో వేలాది ప్రజలు గుమికూడి దాడిని ఖండించిరి. అందు అనూరిన్ బెవాన్ ప్రసంగించెను. మంత్రులు నట్టింగ్, బాయిల్ పదవులను విడిచిరి. ‘అబ్జర్వరు’ పత్రిక ఆ యాదివారమే ప్రభుత్వ కపటమును తీవ్రముగా నిందించుచు సంపాదకీయము వ్రాసెను. పాఠకులు కొందఱు విడిచిపోయిరి, ప్రకటనకర్తలు విడిచిపోయిరి. యుద్ధమున నున్న సేనల వెన్నున పొడిచితిరని దూషించిరి. ఆ దేశప్రజలలో అనేకులు ఈడెన్ పక్షముననే యుండిరన్న మాటను మఱువరాదు. కావుననే ఆ పత్రిక చేసిన పని గొప్పది. పత్రికా వృత్తిలో తల నెరసినవారమగుటచే ఈ విషయమున మేము కొంచెము ఎక్కువసేపు నిలిచినచో పాఠకులు మన్నింతురు గాక. నాయకుని విమర్శించిన పరదేశములలో పలుచనయగుదుమని భయపెట్టుట ప్రభుత్వములకు పరిపాటి. 1956లో ఢిల్లీలోను, కైరోలోను, ఆటవాలోను ఇంగ్లండునందు ఇంకను మంచి మిగిలియున్నదని నమ్మినవారు దేనిని చూచి నమ్మిరి? ఈడెన్ రేడియో ప్రసంగమును విని కాదు. ఆ చౌకులోని జనమును చూచి.

ఈ సందర్భమున మన యింటి ముంగిటను గూర్చి మాటలాడకున్నచో మేమును జలుబు సాకు చెప్పినవార మగుదుము. ఆ నవంబరు 4వ తేదీననే సోవియటు టాంకులు బుడాపెస్టులో ప్రవేశించెను. సూయజు విషయమున వెనువెంటనే, నిష్కర్షగా పలికిన మన ప్రభుత్వము హంగరీ విషయమున నసుగెను. 9వ తేదీన సర్వప్రతినిధి సభలో, సోవియటు సేనలు తొలగవలెననియు, హంగరీలో సమితి ఆధ్వర్యమున ఎన్నికలు జరుగవలెననియు వచ్చిన తీర్మానమునకు మన ప్రతినిధి సోవియటు పక్షముతో కలసి ప్రతికూలముగా వోటు వేసెను. ఎన్నికల షరతు ప్రమాదకరమైన ఆనవాయితీ యగునని సమాధానము చెప్పిరి. ఆ సమాధానము బుడాపెస్టు వీధులలో పడియున్నవారికి వినబడలేదు. జయప్రకాశ నారాయణుడు ఈ మౌనమును బహిరంగముగా నిందించెను. ఆయనను దేశద్రోహి యనుటకు ఎవ్వరికిని నోరు రాలేదు. కొలది దినములకు నెహ్రూ పండితుని భాష మాఱెను, సోవియటు సేనలు తొలగవలెనని ఆయనయు పలికెను. కాని ఇంగ్లండునకు ఒక తూకము, రష్యాకు వేఱొక తూకమా యని పడమటివారు ఆ తరువాత ఎన్నియో యేండ్లు మనల నడుగుచు వచ్చిరి. ఆ ప్రశ్నలో కొంత కపటమున్నది, కొంత న్యాయమును ఉన్నది.

ఇక సెవ్రు కాగితము. తన యధికారి దానిపై సంతకము చేసి తెచ్చెనని తెలిసినంతనే ఈడెన్ కలతపడి, అన్ని ప్రతులను నాశనము చేయింపుడని మనుష్యులను పారిసునకు మరల పంపెను. ఫ్రెంచివారు ఒప్పుకొనలేదు. ఇంగ్లీషు ప్రతి మాత్రము మిగులలేదు. 1960లో ప్రకటించిన తన స్మృతులలో ఈడెన్ సెవ్రు మాటనే ఎత్తలేదు. 1977లో మరణించువఱకును ఆ మౌనమును వీడలేదు. కుట్ర సంగతిని నట్టింగ్ 1967లో గ్రంథముగా వెలువరించెను. ఇజ్రాయేలు ప్రధానామాత్యుడు బెన్‌గురియన్ తనవంతు ప్రతిని ఆ సాయంకాలమే మడచి జేబులో పెట్టుకొని తీసికొనిపోయియుండెను. అది ఆయన దస్తావేజులలో భద్రముగా నున్నది.