చెరువుగట్టుమీది సైన్సు

మన పాఠశాలలలో పర్యావరణమను పాఠము లేని తరగతి లేదు. యం. సి. మెహతాగారి వ్యాజ్యమున 1991 నవంబరులో సుప్రీంకోర్టువారు దానిని నిర్బంధ పాఠ్యవిషయము చేయవలెనని ఆదేశించిరి. రాష్ట్రములు తాత్సారము చేయగా 2003 డిసెంబరులో మరల గట్టిగా చెప్పిరి. పుస్తకములు అచ్చయినవి, ఆజ్ఞ నెరవేరినది. జలచక్రమును బొమ్మగీచి మార్కులు తెచ్చుకొను బిడ్డలు నేడు ఊరూరను కలరు. కాని తన యూరి బావిలో నీరెంత లోతున నున్నదో, నిరుటికంటె దిగినదో పెరిగినదో చెప్పుమనుడు. ఆ బిడ్డయే తెల్లమొగము వేయును. దీనిని పర్యావరణ విద్య యనుటకు మాకు మనసొప్పకున్నది.

2001-02లో కేంద్రప్రభుత్వమువారు జాతీయ హరిత దళమను పేర పాఠశాలలలో సంఘములు పెట్టించిరి. ఉద్దేశము మంచిదే. పెక్కుచోట్ల నది యొక మొక్కను నాటి ఛాయాపటము తీయించుకొనుటతో ముగియుచున్నది. జూన్ 5వ తేదీ ప్రపంచ పర్యావరణ దినమట. సాధారణముగా ఆనాటికి మన పాఠశాలలు వేసవి సెలవులు ముగిసి తెరువబడనే తెరువబడవు! నాటిన మొక్కకు నీరెవరు పోసిరని అడుగువారును లేరు.

చేతితో చేసి నేర్చుకొను చదువనగా లక్షలు వెచ్చించి కట్టవలసిన ప్రయోగశాల యని మనవారిలో కొందరు భ్రమపడుచున్నారు. నిలువుగోడలు గల యొక సీసా, ఒక కొలబద్ద యున్నచో వానమాపకము సిద్ధమైనట్లే. చెట్టు కొమ్మయు ఇంటి చూరును తగులని ఆరుబయట దాని నుంచి, ప్రతిదినము ఉదయము నొకే వేళకు నీటిమట్టమును కొలిచి పుస్తకమున వ్రాసికొనవలెను. ఒక మిల్లీమీటరు వాన యెకరము నేలపై పడినచో 4,047 లీటర్ల నీరు. 25 మిల్లీమీటర్లు పడిననాడు తన తండ్రి సేద్యము చేయు ఎకరములో లక్ష లీటర్లకు పైగా నీరు దిగినదని లెక్కవేసిన బిడ్డకు గుణకారమును వేరుగా నేర్పనక్కరలేదు. మన రైతులు పదునని, కార్తెలని వానను లెక్కించు పద్ధతి యుండనే యున్నది. మృగశిరలో నెంత, ఆరుద్రలో నెంత యని యా బిడ్డ యంకెలను కూర్చినచో తాతగారి మాటకు సీసా సాక్ష్యమిచ్చును; ఒకొక్కప్పుడు కాదనియు ననును. అదియే సైన్సు. మరియొక సీసాలో పిడికెడు మట్టివేసి నీరుపోసి కుదిపి రాత్రియంతయు కదల్చక యుంచిన, తెల్లవారునప్పటికి అడుగున ఇసుక, దానిపై ఒండు, ఆపైన బంకమట్టి పొరలుగా తేలును. రేగడికిని ఎర్రనేలకును భేదమేమో పుస్తకము పది పుటలలో చెప్పలేనిది ఆ సీసా చెప్పును.

ఇట్టి కొలతలు చదువుకొన్నవారికే సాధ్యమను వాదమును మన రైతులే త్రోసివేసిరి. 2003 తరువాతి సంవత్సరములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశపు ఏడు కరవు జిల్లాలలో, అనంతపురము మొదలు నల్లగొండ వరకు, స్త్రీపురుషులు తమ యూరి వానను, బావులలోని నీటి లోతును తామే కొలిచి గోడలమీద వ్రాసిరి. రబీ పంటకు ముందు భూమిలో నెంత నీరున్నదో, ఏ పంట కెంత కావలెనో అందరును కూర్చుండి లెక్కచూచుకొనిరి. వారిలో పెక్కురు బడి మెట్లెక్కనివారు. తల్లిదండ్రులు చేయగల పని ఎనిమిదవ తరగతి బిడ్డ చేయలేడా?

కంటికి కనబడని సంగతులును కలవు. ఫ్లోరైడు రోగము మన దేశమున మొట్టమొదట వర్ణింపబడినది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు మండలమున. లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరు నీరు లేనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చునని నేటి ప్రమాణము. ఆ నీరు తేటగానే యుండును, రుచికిని తెలియదు, పండ్లును ఎముకలును చెడిన పిమ్మటగాని బయటపడదు. నీటిలో మందుచుక్కలు వేసి రంగును పటముతో సరిచూచుట పాఠశాల బిడ్డలకు అసాధ్యమైన పని కాదు. తన చెల్లెలు త్రాగు బోరునీటిని తాను పరీక్షించిన బాలిక ఆ పాఠమును మరచునా?

బడులలో నిది సాగునా యను సందేహమునకు మధ్యప్రదేశమున సమాధానము దొరకినది. నేడు నర్మదాపురమనబడు హోషంగాబాదు జిల్లాలో 1972లో కిశోర భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటరు అను రెండు సంస్థలు పదునారు గ్రామీణ పాఠశాలలలో నొక సైన్సు బోధనను ఆరంభించినవి. 1978 నాటికది జిల్లా యంతటికిని వ్యాపించినది. 1982లో నేర్పడిన ఏకలవ్య సంస్థ తరువాత దానిని నడపినది. బిడ్డలు గుంపులుగా కూడి ప్రయోగముచేసి, కనుగొన్నదానిని తమ మాటలలో వ్రాసిరి. ఆకులకును పురుగులకును పొలములోనికి నడచిరి. సవాలీరాము అను కల్పితవ్యక్తికి తమ ప్రశ్నలను జాబులుగా వ్రాసిరి. అన్నిటికంటె ముఖ్యమైనది పరీక్ష. పుస్తకము తెరచి చూచుకొనుచు వ్రాయవచ్చును. చేతితో ప్రయోగముచేసి చూపుటకు వేరుగా మార్కులుండెను. బట్టీకి ఫలమే లేనప్పుడు బట్టీపట్టు వారెవరు? ముప్పదియేండ్లు సాగిన ఆ ప్రయత్నమును 2002లో అచటి ప్రభుత్వము నిలిపివేసినది.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది మన విద్యాశాఖవారికి రుచింపదు. సామగ్రి పెట్టెలు పంపినంత మాత్రమున నేమియు జరుగదు, పరీక్ష మారవలెను. బట్టీకి మార్కులిచ్చుచు ప్రయోగమును ప్రోత్సహింతుమనుట ఒక చేత పెట్టి రెండవచేత లాగుకొనుట. పదవ తరగతిలో సైన్సు మార్కులలో కొంతభాగమును బిడ్డ తానే యేడాది పొడవున వ్రాసిన వాన పుస్తకమునకు, బావి పుస్తకమునకు ఇయ్యవలెను. ఉపాధ్యాయునకు వారమున కొక పూట తరగతిని బయటికి గొనిపోవు స్వాతంత్ర్యముండవలెను. గాజు బద్దలగునను భయముతో సామాను బీరువాకు తాళమువేయు ప్రధానోపాధ్యాయుని తప్పు పట్టుట సులభము. బద్దలైన గాజునకు ఆయన జీతమునుండి వసూలుచేయమని హామీ యిచ్చువారెవరు?

పట్టణములలోని తల్లిదండ్రులును నిర్దోషులు కారు. ఇంజినీరింగు ప్రవేశపరీక్షకు ఆరవ తరగతినుండియే బిడ్డను తోలుచు, చెరువుగట్టునకు పోవుట కాలహరణమనుచున్నారు.

గ్రామములలోని భూస్వాములతో నొకమాట. బిడ్డలు బావులను కొలుచుట మొదలుపెట్టినచో ఎవరి బోరు నడచినపుడు ఎవరి బావి యెండుచున్నదో అంకెలలో బయటపడును. అది కొందరికి కంటకముగా నుండును. పాఠశాలకు మాట చెప్పి ఆపించు ప్రయత్నమును జరుగవచ్చును. అయినను మీ బావి నీటి లోతును మీరు దాచినంతమాత్రమున భూమిలోని నీరు పెరుగదు. ఏ వాడ బిడ్డయైనను ఏ వాడ బావియొద్దకైనను తాడును కొలబద్దయును పట్టుకొని పోగలుగవలెను. ఉపాధ్యాయుడు చెంతనుండగా, ఒర గల బావివద్ద, నెలకు రెండుమారులు. ఈ సంవత్సరము మొదటి వానకు ముందే మీ యూరి పాఠశాలకు పోయి, మా బావి మీ తరగతికి తెరచియున్నదని చెప్పి రండు.