మంచులో కుక్కలు, మందలో కుక్కలు

మన భాషలో కుక్కకు మంచి పేరు లేదు. కోపం వస్తే కుక్క అని తిడతాం. కూర కుదరకపోతే కుక్క ముట్టదంటాం. విశ్వాసం మాట వచ్చినప్పుడు మాత్రం దానిని అరక్షణం మెచ్చుకొని, మళ్ళీ కర్ర అందుకుంటాం. కుక్కను ఇంటి పనిమంతుడుగా చూచుకొనే చోట్లు ప్రపంచంలో కొన్ని వున్నవి. అటువంటిదొకటి చూచి వచ్చాను.

మాది మార్కాపురం. పలకల ఊరు. వేసవిలో మా పలకరాతి గుట్టల మీద అట్టు పోయవచ్చు. అటువంటి ఊరివాణ్ణి మా అల్లుడు జనవరి మాసంలో, అమెరికా ఉత్తరపు అంచున వున్న మినెసోటాలో ఈలీ అనే చిన్న ఊరికి తీసుకువెళ్ళాడు. సున్నాకు 15 డిగ్రీలు క్రింద చలి. చెరువులు గడ్డకట్టి, జనం వాటి మీద నడుస్తున్నారు. "మామయ్యగారూ, కుక్కలబండి ఎక్కుదురుగాని రండి" అన్నాడు.

ఆ కుక్కలు మన ఊరకుక్క కంటె కాస్త ఒడ్డూ పొడుగూ, అంతే. జతలు జతలుగా ఆరింటిని ఒక పొడుగాటి తాడుకు కట్టారు. ముందు జత తెలివిగలవి. తోలేవాడి మాట విని మిగతావాటిని నడిపిస్తవి. బండికి దగ్గరి జత బలమైనవి. బరువంతా వాటి మీద. పగ్గం లేదు. 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకు. మన సేద్యగాడు వలపటెద్దునూ దాపటెద్దునూ అదిలించినట్లే. బండికి చక్రాలుండవు, మంచు మీద జారే రెండు బద్దలు. బయలుదేరేదాకా మంచులో ఇనుపకొక్కెం గుచ్చి బండిని ఆపి వుంచుతారు. అంతసేపూ కుక్కలు ఎగిరెగిరి ఒకటే అరుపు. కొక్కెం పీకగానే అరుపు బంద్! వాటి వూపిరి, బద్దల రాపిడి తప్ప మరి చప్పుడు లేదు.

మా ఆవిడ కంబళ్ళలోంచి తల బయటికి పెట్టి, "చూశారా, కదిలేదాకానే గోల. కొందరు మనుషులూ అంతే" అన్నది. ఎవరినో నేను అడగలేదు.

బండి ఆగాక తోలే ఆయన ముందు ఒక్కొక్క కుక్క పాదమూ ఎత్తి, వేళ్ళ సందున మంచు ఇరుక్కున్నదేమో చూచాడు. తరువాత వాటికి తిండి పెట్టాడు. ఆ తరువాతనే తాను కాఫీ త్రాగాడు.

ఇటువంటి కుక్కలే ఒకప్పుడు ఒక ఊరిని కాపాడినవి. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ పట్టణంలో పిల్లలకు డిఫ్తీరియా, అనగా కంఠసర్పి, సోకింది. సముద్రం గడ్డకట్టి ఓడలు రావు. మందు రైలులో నెనానా దాకా వచ్చింది. అక్కడినుంచి 674 మైళ్ళు. ఇరవైమంది తోలేవాళ్ళు, సుమారు 150 కుక్కలు, ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటూ అయిదున్నర రోజులలో మందు చేర్చారు. చివరి మజిలీలో ముందు నడిచిన బాల్టో అనే కుక్కకు ఆ ఏడే న్యూయార్కులో విగ్రహం పెట్టారు. అందరికంటె ఎక్కువ దూరం నడిపించినది మాత్రం టోగో అనే మరో కుక్క. పేరు ఒకరికి, కష్టం ఒకరికి. ఇది కుక్కల్లోనూ వున్నది!

ఇక మన వైపు రండి. దోర్నాల, యర్రగొండపాలెం, గిద్దలూరు - నల్లమల అంచు ఊళ్ళు. గొల్లల మంద కొండ క్రింద దిగిన రాత్రి, చిరుత వాసన మొదట తెలిసేది కుక్కకే. చెంచు గుడిసె ముందు కాపలా దానిదే. జీతం ఒక ముద్ద సంగటి. దాని పాదం ఎత్తి చూచేవారెవరు?

ఇది ఉత్త జాలి మాట కాదు. కుక్కలకు డిస్టెంపర్ అనే అంటువ్యాధి వస్తుంది. కళ్ళూ ముక్కూ కారి, చివరికి మూర్ఛలు వచ్చి చచ్చిపోతవి. అది అడవి మృగాలకూ అంటుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీ అడవిలో సుమారు వెయ్యి సింహాలు దీనివల్ల చనిపోయినవి. 2018లో మన గుజరాతు గిర్ అడవిలో చనిపోయిన సింహాలలోనూ ఈ వ్యాధే కనబడింది. మన నల్లమలలో పులులున్నవి, రేచుకుక్కలున్నవి. మంద కుక్క నీరు త్రాగిన వాగులోనే అవీ త్రాగుతవి.

మనుషులకు రేబీస్ భయం వుండనే వున్నది. లక్షణాలు బయటపడితే ఇక బ్రతకడం దాదాపు లేదు. కుక్క కరిస్తే పసరులూ మంత్రాలూ వద్దు. వెంటనే పావుగంటసేపు సబ్బు పెట్టి పారే నీళ్ళతో గాయం కడిగి, ఆసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులన్నది పాతకాలపు మాట. ఇప్పుడు చేతికే వేస్తారు. పిల్లలు దెబ్బలకు జడిసి కాటు దాచిపెడతారు. తల్లులు ఈ సంగతి గుర్తుంచుకొని, వాళ్ళను కోప్పడకుండా అడగాలి.

లూయీ పాశ్చర్ మొదటి రేబీస్ టీకా వేయించింది 1885 జూలై 6న. ఏటా ఆ రోజున మన పశువైద్యశాలలలో కుక్కలకు ఈ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. డిస్టెంపర్ టీకా వేరు; దానిని అడిగి వేయించుకోవాలి. మీ వాకిట్లో ముద్ద తినే కుక్క వుంటే తీసుకువెళ్ళండి. మీ ఊరికి మంద వస్తే ఆ గొల్లపెద్దతో ఈ సంగతి చెప్పండి. అక్కడ కుక్కలు మనుషులకు మందు మోసుకొచ్చినవి. ఇక్కడ కుక్కను మందు దగ్గరకు మనం తీసుకుపోతే చాలు.