ఇంకో కంచం పెట్టేదెవరు?

పిల్ల స్పెయిన్ వెళ్లి రెండు నెలలుండి అక్కడి భాష నేర్చుకొస్తానంటే మన ఇళ్లల్లో ఫీజు కంటే ముందు వచ్చే ప్రశ్న, "ముక్కూ మొహం తెలీని వాళ్లింట్లో ఎట్లుంటావే?" అని. భయం సహజమే. కానీ అదే తల్లిదండ్రులు ఆళ్లగడ్డ నుంచి పిల్లను తెచ్చి నంద్యాలలో మేనత్త ఇంట్లో దింపి, "మనవాళ్లే కదా" అనుకుని సాయంత్రం బస్సుకి వెళ్లిపోతారు. ఒక్క ప్రశ్నా అడగరు. నాకు మాత్రం ఈ రెండో ఇంటి గురించే ఎక్కువ అడగాలనిపిస్తుంది.

స్పానిష్‌కీ మనకూ ఏం సంబంధం అనకండి. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో అక్కడే కన్నుమూశారు. ఆయన స్థాపించిన ఆర్డీటీ సంస్థ పల్లెటూరి పిల్లలకు స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ భాషలు నేర్పించింది. నిజానికి స్పానిష్ మన నోటికి బాగా తిరుగుతుంది. మాటలు చాలావరకు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. ఇంగ్లీషువాళ్లు ఆ 'ర్ర' పలకలేక తంటాలు పడతారు. "బర్రె, గొర్రె" అంటూ పెరిగిన మన పిల్లలకు అదొక లెక్కా!

వ్యాకరణం క్లాసులో వస్తుంది గానీ మాట వచ్చేది వంటింట్లోనే. అందుకే అక్కడికి భాష కోసం వెళ్లేవాళ్లలో చాలామంది ఏదో ఒక కుటుంబంతో కలిసి ఉంటారు. పొద్దున కాఫీ, ఓ బ్రెడ్డు ముక్క, అంతే. అసలు భోజనం మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు. రాత్రి తొమ్మిది దాటితేగానీ కంచాలు పెట్టరు. ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరే కడుపుకి మొదటి వారం కష్టమే. అక్కడ 'తోర్తియా' అంటే బంగాళాదుంపలు వేసిన గుడ్డట్టు. "శాకాహారిని" అంటే చాలదు. మాంసం, చేప, గుడ్డు అని విడివిడిగా చెప్పుకోవాలి. ఇదంతా విని తల్లులు చెనక్కాయల పొడి డబ్బాలు కడతారు. కట్టండి, తప్పులేదు.

కానీ నేను చెప్పదలచుకున్నది తిండి సంగతి కాదు. అక్కడ ఆ ఇంటికి డబ్బు ముడుతుంది. సాధారణంగా భాష నేర్పే బడే కుటుంబాన్ని చూసిపెడుతుంది. భోజనం రెండు పూటలా మూడు పూటలా, బట్టలు వారానికి ఎన్నిసార్లు ఉతుకుతారు, తాళంచెవి ఇస్తారా లేదా, అన్నీ ముందే చెప్తారు. ఇంకో కంచం పెట్టే ఇల్లాలి చాకిరికి అక్కడ ఒక ధర ఉంది. అది ఉంది కాబట్టే పిల్లకూ నోరుంది. అక్కడ అందరూ మంచివాళ్లేనని కాదు. కుదరకపోతే ఇల్లు మార్చమని అడగడానికి ఒక చోటంటూ ఉంది.

ఇక మన నంద్యాలకి రండి. జిల్లా కేంద్రమైంది 2022లో గానీ, అంతకు చాలా ముందు నుంచే ఇది చదువుల ఊరు. బ్యాంకు పరీక్షల కోచింగంటే ఎక్కడెక్కడి పిల్లలో ఇక్కడికొస్తారు. ఆళ్లగడ్డ ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. రోజూ బస్సులో తిరిగే పిల్లలూ ఉన్నారు గానీ, పొద్దున ఆరింటికి క్లాసు, రాత్రి టెస్టు అంటే కుదరదు. హాస్టలు ఖర్చెందుకు, చెల్లెలుందిగా అని నాన్న ఫోన్ చేస్తాడు. "పంపించు బావా, దాందేముంది" అంటాడు మామ. ఇద్దరు మగవాళ్లు ఒక్క ఫోన్లో తేల్చేస్తారు. వండేది అత్త. ఆవిణ్ణి అడిగిందెవరు?

పుట్టింటివాళ్లు కదా, అత్త నోరు తెరవదు. ఆ మింగుకున్న విసుగు నెమ్మదిగా పిల్ల మీదికి దిగుతుంది. మొదటి నెల "నువ్వెందుకు లేస్తావు, చదువుకో తల్లీ". రెండో నెల పొద్దున్నే కసువూడ్చడం. మూడో నెలకు చిన్నోణ్ణి బడి నుంచి తేవడం, రాత్రి పది కొట్టగానే "కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చూసినావా?" అనిపించుకోవడం. నెలసరి రోజుల్లో ఏం కావాలన్నా అడగడానికి సిగ్గు. ఇంటికి ఫోన్ చేద్దామంటే పక్కనే అత్త. చెప్తే, "అన్నం పెట్టినవాళ్ల మీద చాడీలా?" అంటారు. చెప్పుకోలేని ఇబ్బందే ఎదురైతే? చుట్టరికమే ఆ పిల్ల నోరు నొక్కేస్తుంది. అత్త చెడ్డదీ కాదు, పిల్ల సోమరీ కాదు. ఇద్దర్నీ అడక్కుండా ఒక ఇంట్లో పెట్టారు, అంతే.

వెనకటికి వారాలు చేసుకుని చదివిన వాళ్ల కథలు గొప్పగా చెప్పుకుంటాం. రోజుకో ఇంట్లో తిని పైకొచ్చిన అబ్బాయి గురించి ఎన్నిసార్లు వినలేదు! ఆ ఏడిళ్లల్లో వడ్డించిన ఆడవాళ్ల గురించి ఎవరైనా చెప్పగా విన్నారా?

"అయినవాళ్ల మధ్య డబ్బు మాటేంది?" అంటారు. డబ్బు ఇస్తే ప్రేమ పోతుందని నేననుకోను. ఇవ్వకపోతేనే మనసులో లెక్కలు పెరుగుతాయి. డబ్బు కుదరకపోతే బియ్యం మూటే పంపండి, కందిబేడలే పంపండి. ఏదైనా మామ చేతికి కాదు, అత్త చేతికి. పిల్లను దింపడానికి అమ్మ వెళ్లాలి. వంటింట్లో కూర్చుని అడగాలి. పడుకునేదెక్కడ, తలుపుకి గడియ ఉందా, లైటు ఎన్నింటిదాకా వేసుకోవచ్చు, ఏ పని పిల్ల చేస్తుంది, ఏ పని చెయ్యదు? ఇందులో మొహమాటమేముంది! స్పెయిన్ ఇంటి గురించయితే ఇవన్నీ అడిగేవాళ్లమే కదా.

సంజీవనగర్లో నాకు తెలిసిన ఒకింట్లో వదినా ఆడబిడ్డలు ఇలాగే మాట్లాడుకున్నారు. మొదట అత్త డబ్బు తీసుకోనంది. రెండ్రోజులు అలిగింది కూడా. ఇప్పుడు నెలనెలా ఆ డబ్బు పోస్టాఫీసులో ఆర్డీ కడుతోంది, తన పేరు మీదే. ఆదివారం గిన్నెలు పిల్ల తోముతుంది, మిగతా రోజులు ముట్టుకోదు. పరీక్షల ముందు పదకొండు దాకా ఆ గదిలో లైటు వెలిగింది. మామ విసుక్కుంటే జవాబు చెప్పింది అత్తే.