పరీక్షకు అడ్డు... ఒంటికి రక్ష!

ఫ్లూ వైరస్‌ ఎర్రరక్తకణాల్ని గుత్తులు కట్టిస్తుంది. దాన్ని పట్టిచ్చే పరీక్షకు ఆ గుణమే ఆధారం. కానీ మన రక్తంలో, చీమిడిలో, ఆఖరికి మూత్రంలోనూ ఆ పరీక్షను తప్పుదోవ పట్టించే పదార్థాలున్నాయి. మొదట్లో శాస్త్రవేత్తలకు అవి పెద్ద తలనొప్పి. తర్వాత తెలిసింది... అవి మన కాపలాదారులని!

అది 1941వ సంవత్సరం. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్‌ ప్రయోగశాలలో జార్జ్‌ హర్స్ట్‌ అనే వైద్య పరిశోధకుడు కోడిగుడ్లలో ఫ్లూ వైరస్‌ను పెంచుతున్నాడు. పిండం ఉన్న గుడ్డులోకి వైరస్‌ను ఎక్కించడం, అది పెరిగాక లోపలి ద్రవాన్ని బయటికి తీయడం... ఇదీ పని. అలా తీస్తున్నప్పుడు సన్నటి రక్తనాళం తెగి కాస్త రక్తం ద్రవంలో కలిసింది. చూస్తే ఎర్రరక్తకణాలు విడివిడిగా లేవు. ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తులుగా మారిపోయాయి! వైరస్‌ లేని గుడ్లలో అలా జరగలేదు. అదే ఏడాది కెనడాలో మెక్‌లెలాండ్‌, హేర్‌ అనే ఇద్దరు కూడా విడిగా ఇదే సంగతి గమనించారు.

కంటికి కనిపించని వైరస్‌ ఉనికి మామూలు కంటికి తెలిసిపోయే దారి దొరికిందన్నమాట. అప్పటిదాకా ఫ్లూ పరిశోధనకు ఎలుకలూ ఫెరెట్‌లే దిక్కు. వాటికి జబ్బు చేసేదాకా రోజుల తరబడి ఆగాలి. ఇప్పుడు కొన్ని నిమిషాల్లోనే ఫలితం.

ముళ్లూ... చక్కెరలూ!

ఇంతకీ కణాలు ఎందుకు గుత్తి కడతాయి? ఫ్లూ వైరస్‌ ఒంటినిండా ముళ్లలాంటి ప్రొటీన్లుంటాయి. ఎర్రరక్తకణం పైన సన్నటి చక్కెర గొలుసులుంటాయి. వాటి కొసన ఉండేదే సియాలిక్‌ ఆమ్లం. వైరస్‌ ముల్లు సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. ఒక్కో వైరస్‌కి వందల ముళ్లుంటాయి కాబట్టి ఒకేసారి రెండు కణాల్ని పట్టుకోగలదు. అలా ఒకదానికొకటి లంకె పడుతూ పోతే వల తయారవుతుంది. మన గొంతు, ఊపిరితిత్తుల కణాల మీద కూడా ఇదే సియాలిక్‌ ఆమ్లం ఉంటుంది. ఫ్లూ లోపలికి చొరబడేది దాన్ని పట్టుకునే.

ప్రయోగశాలలో ఇందుకోసం చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్‌ పళ్లెం వాడతారు. వైరస్‌ లేకపోతే రక్తకణాలు జారి గుంట అడుగున ఎర్రటి గుండీలా చేరతాయి. ఉంటే వలలా పరచుకుంటాయి. ఇక్కడే ఇంకో ఉపాయం ఉంది. ముందుగా మనిషి రక్తం నుంచి తీసిన సీరాన్ని వైరస్‌తో కలిపితే? అందులో యాంటీబాడీలుంటే అవి ముళ్లను కప్పేస్తాయి. ఇక గుత్తులు కట్టవు. సీరాన్ని పది రెట్లు, ఇరవై, నలభై, ఎనభై రెట్లు... ఇలా పలుచన చేస్తూ పోతే రక్షణ ఎంత గట్టిగా ఉందో తెలుస్తుంది. నలభై రెట్లు పలుచన చేసినా గుత్తులు ఆగితే, ఆ మనిషికి ఫ్లూ సోకే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుందని లెక్క.

ఇదేదో చిన్న పరీక్ష అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు నిపుణుల్ని కూర్చోబెట్టి, వచ్చే సీజన్‌ ఫ్లూ టీకాలో ఏ రకం వైరస్‌లు ఉండాలో తేలుస్తుంది. అందులో ఈ పరీక్ష ఫలితాలకు పెద్దపీట. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ కూడా ఈ పనిలో భాగమే. కోళ్లను ఊడ్చిపెట్టే కొక్కెర తెగులుకు వేసిన టీకా పనిచేసిందో లేదో చూసేదీ ఇదే పద్ధతిలో. అలాంటి పరీక్ష అబద్ధం చెబితే?

దొంగ రక్షణ!

చెప్పింది కూడా! 1947లో మిచిగన్‌ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త థామస్‌ ఫ్రాన్సిస్‌కు ఓ వింత ఎదురైంది. పోలియో టీకా కనిపెట్టిన జోనస్‌ సాక్‌కు గురువు ఈయన. వేడిచేసిన ఫ్లూ వైరస్‌తో ఈ పరీక్ష చేస్తే, యాంటీబాడీలతో సంబంధమే లేకుండా మామూలు సీరాలు కూడా గుత్తుల్ని ఆపేస్తున్నాయి. అంటే సీరంలో యాంటీబాడీలు కానిదేదో ఉంది. అది ఫలితాన్ని తారుమారు చేస్తోంది. రక్షణ లేనివాళ్లకూ ఉన్నట్టు చూపిస్తే టీకా లెక్కలన్నీ తలకిందులే కదా!

ఆ 'ఏదో' సంగతి మెల్లగా బయటపడింది. రక్తంలోని కొన్ని ప్రొటీన్లకూ చక్కెర గొలుసులుంటాయి. వాటి కొసనా సియాలిక్‌ ఆమ్లమే. రక్తకణం అనుకుని వైరస్‌ వీటిని పట్టుకుంటుంది. ఎర వేసి చేపను పట్టినట్టే! మరి వేడిచేయడం ఎందుకు? ఫ్లూ వైరస్‌ దగ్గర ముళ్లతో పాటు కత్తెరలాంటి ఎంజైమ్‌ కూడా ఉంది. పేరు న్యూరమినిడేజ్‌. సియాలిక్‌ ఆమ్లాన్ని కత్తిరించి, ఇరుక్కున్న చోటి నుంచి వైరస్‌ను విడిపించేది ఇదే. వేడికి కత్తెర చెడుతుంది, ముళ్లు మిగులుతాయి. దాంతో వైరస్‌ ఎరకు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. గుర్రం సీరంలోని ఓ ప్రొటీన్‌ ఇంకా గడుసుది. దానిమీది సియాలిక్‌ ఆమ్లం కాస్త మారి ఉంటుంది. మామూలు వైరస్‌ కత్తెర కూడా దాన్ని తెంపలేదు.

ఈ గొడవకు మందు ఆస్ట్రేలియాలో దొరికింది. మెల్‌బోర్న్‌లో మెక్‌ఫార్లేన్‌ బర్నెట్‌ బృందం కలరా సూక్ష్మజీవి పెంపకం నుంచి ఓ ఎంజైమ్‌ను వేరుచేసింది. అదీ సియాలిక్‌ ఆమ్లాన్ని కత్తిరించేదే. దాంతో సీరాన్ని రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచితే ఎరలన్నీ తెగిపోతాయి. తర్వాత 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేస్తే ఎంజైమ్‌తో పాటు వేడికి ఆగని ఇతర అడ్డంకులూ పోతాయి. మిగిలేది అసలు యాంటీబాడీలే. ఫ్లూ గుట్టు తేల్చడానికి కలరా క్రిమి సాయం! ప్రయోగశాలలు నేటికీ ఈ పద్ధతిని పాటిస్తున్నాయి.

మూత్రంలో ముత్యం

కథ ఇక్కడితో అయిపోతే ఇది ప్రయోగశాల ముచ్చటే. కానీ కొందరు వేరేలా ఆలోచించారు. పరీక్షలో వైరస్‌ను ఆపగలిగింది ఒంట్లో ఊరుకుంటుందా అని. 1950లో రాక్‌ఫెల్లర్‌లోనే ఇగోర్‌ టామ్‌, ఫ్రాంక్‌ హార్స్‌ఫాల్‌ మనిషి మూత్రం నుంచి ఇలాంటి పదార్థాన్ని వేరుచేశారు. ఫ్లూ, గవదబిళ్లలు, కొక్కెర తెగులు... మూడింటి వైరస్‌లనూ అది పట్టుకుంది. ఆరోగ్యవంతుల మూత్రంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రొటీన్‌ అదేనని తర్వాత తేలింది. మూత్రపిండాలు రోజూ పదుల మిల్లీగ్రాముల చొప్పున దాన్ని వదులుతూనే ఉంటాయి. ఇప్పటి పేరు యూరోమోడ్యులిన్‌.

అక్కడ దానికి ఫ్లూతో పనిలేదు. మూత్రకోశంలో ఇన్‌ఫెక్షన్‌ తెచ్చే ఈకొలై బ్యాక్టీరియా గోడకు అతుక్కోకుండా ముందే పట్టుకుని, మూత్రంతో బయటికి గెంటేయడం దాని డ్యూటీ. ఈ ప్రొటీన్‌ లేని ఎలుకలకు మూత్రకోశ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ వస్తాయని 2004లో పరిశోధకులు నిరూపించారు.

ముక్కు, గొంతుల్లోని జిగురుదీ ఇదే వరస. అందులోని ప్రొటీన్లకు బోలెడన్ని సియాలిక్‌ ఆమ్లపు కొసలు. వైరస్‌ వాటికి తగులుకుంటే తుమ్ముతోనో దగ్గుతోనో బయటికే. అందుకే వైరస్‌కి కత్తెర అంత అవసరం. ఎరల్ని తెంచుకుంటూ రావాలి కదా! ఊపిరితిత్తుల్లో ఇంకోరకం ప్రొటీన్‌ వైరస్‌ ముళ్ల మీదున్న చక్కెరల్నే పట్టుకుని దాన్ని కట్టేస్తుంది.

కత్తెరకే తాళం

మరి ఆ కత్తెరనే మొద్దుబారిస్తే? 1983లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు న్యూరమినిడేజ్‌ ఆకారాన్ని బయటపెట్టారు. సియాలిక్‌ ఆమ్లంలాగే ఉండి, దాని కోరల్లో ఇరుక్కుపోయే మందును తయారుచేశారు. అదే జనామివిర్‌. దాని వెనకే ఒసెల్టామివిర్‌, అంటే అందరికీ తెలిసిన టామీఫ్లూ వచ్చింది. రెండింటికీ 1999లో అమెరికా అనుమతి దొరికింది. 2009లో స్వైన్‌ఫ్లూ వచ్చినప్పుడు మన ఆసుపత్రుల్లో ఇచ్చింది ఈ టామీఫ్లూనే.

ఇందులో మరో తమాషా ఉంది. ఈమధ్యకాలపు హెచ్‌3ఎన్‌2 ఫ్లూ వైరస్‌లు కొన్ని కత్తెరతోనే రక్తకణాల్ని పట్టుకుని మళ్లీ పరీక్షను గందరగోళంలో పడేస్తున్నాయి. అందుకని పరీక్ష చేసేటప్పుడు గుంటల్లో ఒసెల్టామివిర్‌ కలుపుతున్నారు. పరీక్షకు అడ్డుపడ్డ సంగతి తవ్వుతూ పోతే మందు దొరికింది. ఆ మందే తిరిగి పరీక్షకు సాయం చేస్తోంది!

ఎరలున్నాయి కదా అని టీకా మానేయకూడదు సుమా. అవి వైరస్‌ దూకుడును తగ్గిస్తాయే తప్ప పూర్తిగా ఆపలేవు. ఆపగలిగితే ఏటా ఇంతమందికి ఫ్లూ ఎందుకొస్తుంది? కాకపోతే ఈసారి జలుబు చేసి ముక్కు కారుతుంటే మరీ అంత చీదరించుకోకండి. ఆ జిగురులో ఎన్ని వైరస్‌లు ఎరకు చిక్కి గిలగిల్లాడుతున్నాయో!