మిరప వైరస్ తెగుళ్లు: వర్గీకరణ పొలానికి పనికిరావాలంటే

పల్నాడు జిల్లాలో అమరావతి మొదలు మాచర్ల, గురజాల వరకు మిరప రైతుల నోట ‘జెమిని’ అనే మాట ఇప్పుడు తెలుగు మాటగానే వినిపిస్తుంది. ఆకు ముడుచుకున్నా, ఈనెలు ఉబ్బినా, మొక్క గిడసబారినా, మొవ్వు ఎండినా అన్నిటికీ అదే పేరు. దీనికి రైతును తప్పుపట్టడం సులభం. కాని సలహా ఇచ్చేవారే “వైరస్ వచ్చింది, రసం పీల్చే పురుగులకు మందు కొట్టండి” అనే ఒక్క వాక్యంతో సరిపెట్టినంతకాలం రైతుకు రెండో పేరుతో అవసరమేముంది?

మిరపను ఆశించే కీటకవాహక వైరస్‌లలో మూడింటిని ఇక్కడ ప్రధానంగా చెప్పుకోవాలి. ఆకుముడత వైరస్ జెమినివిరిడే కుటుంబంలోని బెగోమోవైరస్ ప్రజాతికి చెందినది. జన్యుపదార్థం వలయాకారపు ఏకపోచ డి.ఎన్.ఎ.; కణాలు జంటగా అతుక్కొని ఉంటాయి, కుటుంబానికి ఆ పేరు వచ్చింది అందువల్లనే. వాహకం తెల్లదోమ. వేరుశనగ మొవ్వుకుళ్లు వైరస్ టోస్పోవిరిడే కుటుంబంలోని ఆర్థోటోస్పోవైరస్. మూడు ఖండాల ఆర్.ఎన్.ఎ., పైన కొవ్వుతో కూడిన పొర, వాహకం తామరపురుగు. కుకుంబర్ మొజాయిక్ వైరస్ బ్రోమోవిరిడే కుటుంబానికి చెందినది, పేనుబంక ద్వారా వ్యాపిస్తుంది. విద్యార్థులు పరీక్షలో ఇంతవరకు తడుముకోకుండా వ్రాస్తారు. బెగోమోవైరస్‌లలో జన్యుక్రమపు సారూప్యం 91 శాతం కంటే తగ్గితే కొత్త జాతిగా పరిగణించాలన్న నియమమూ వారికి కంఠస్థమే. ఆ నియమం ప్రయోగశాలకు అవసరం. పొలం గట్టున నిలబడినవారికి దానితో ఒరిగేది స్వల్పం.

అక్కడ కావలసింది మరొక వర్గీకరణ: వైరస్ కీటకంలో ఎంతసేపు, ఏ విధంగా ఉంటుందన్నది. కుకుంబర్ మొజాయిక్ వైరస్ పేనుబంక నోటిభాగాలకు అంటుకొని ఉంటుంది. కొన్ని క్షణాలు రుచి చూసినంత మాత్రాన అంటుకుంటుంది, మరి కొన్ని క్షణాలలో పక్క మొక్కకు చేరుతుంది. మందు పురుగును చంపేలోగానే ఆ పని పూర్తవుతుంది కనుక, పిచికారీతో ఈ వైరస్‌ను ఆపాలనుకోవడం చాలావరకు వృథా వ్యయం. ఆకుముడత వైరస్ విషయం వేరు. తెల్లదోమ దానిని గ్రహించడానికి ఎక్కువసేపు రసం పీల్చాలి, శరీరంలో తిరిగి లాలాజల గ్రంథులను చేరడానికి కొన్ని గంటలు పడుతుంది; ఆ తరువాత ఆ దోమ చాలాకాలం వాహకంగానే మిగులుతుంది. ఈ వ్యవధి ఉన్నందువల్లనే నారుమడి దశలో తెల్లదోమ నివారణకు, నైలాన్ వలకు విలువ ఉంది. మొవ్వుకుళ్లు వైరస్‌ను తామరపురుగు పిల్లదశలోనే గ్రహించగలదు. వైరస్ పురుగు శరీరంలో వృద్ధి చెందుతుంది, రెక్కల పురుగు దానిని వ్యాపింపజేస్తుంది. ఆరోగ్యంగా పెరిగిన పెద్ద పురుగు తెగులు మొక్కపై వాలినా వాహకం కాలేదు.

ఈ భేదాన్ని విస్మరిస్తే ఏమి జరుగుతుందో 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా చూపింది. వేరుశనగ మొక్కలు నిలువునా మాడిపోతుంటే తొలుత మొవ్వుకుళ్లుగానే భావించారు. కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని తరువాత తేలింది. సుమారు 2,25,000 హెక్టార్లలో తెగులు సోకి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటినట్లు అంచనా. రెండింటిలోనూ తామరపురుగు పాత్ర ఉంది. వ్యాప్తి తీరు మాత్రం వేరు. టొబాకో స్ట్రీక్ వైరస్ పురుగు లోపల పెరగదు. వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, పురుగు ఒంటికి అంటుకొని వచ్చి, అది గీరిన గాయాల గుండా మొక్కలో ప్రవేశిస్తుంది. కనుక తెగులు సోకిన వేరుశనగ మొక్కలు పీకినందువల్ల ప్రయోజనం లేదు. గట్లమీది వయ్యారిభామను పూతకు ముందే తీసివేయాలి, పొలం చుట్టూ జొన్నో సజ్జో నాలుగు వరుసలు అడ్డుగా వేయాలి. విచిత్రమేమిటంటే, ఈ వైరస్ కుకుంబర్ మొజాయిక్ వైరస్‌తో పాటు ఒకే కుటుంబంలో ఉంది. కుటుంబం పేరు చూసి యాజమాన్యం నిర్ణయించేవారికి ఇంతకంటే హెచ్చరిక అక్కరలేదు.

తామరపురుగు కనిపించిన ప్రతిచోటా వైరస్‌ను ఊహించడమూ పొరపాటే. 2021-22లో గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరపపై విరుచుకుపడిన నల్ల తామరపురుగు పూతను నేరుగా పీల్చి రాల్చింది. మందు మీద మందు కలిపి కొట్టినా అదుపు కాక కొందరు తోటలే పీకివేశారు. 1980వ దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో సింథటిక్ పైరిత్రాయిడ్ల మితిమీరిన వాడకం తెల్లదోమను ఎట్లా పెంచిందో ఇక్కడి పెద్దరైతులకు గుర్తుండే ఉంటుంది. వైరస్‌ను మొక్కలోనే నయం చేసే రసాయనం ఏదీ లేదు. ‘వైరస్ మందు’ పేరిట అమ్మే సీసాలకు కౌలురైతు అప్పుచేసి చెల్లిస్తున్నాడు, ఆ అప్పుకు వడ్డీ కూడా కడుతున్నాడు.

ఒక అనుకూలత ఉంది. ‘పై ముడత’ అంటే తామరపురుగు, ‘కింది ముడత’ అంటే నల్లి అని మిరప రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. లక్షణాన్ని బట్టి పురుగును పోల్చుకునే వర్గీకరణ అతని భాషలోనే ఉంది. లాం ఫారం నుండి, కృషి విజ్ఞాన కేంద్రాల నుండి వెలువడే కరపత్రాలలో తెగులు పేరు పక్కన కుటుంబం, ప్రజాతి ముద్రించే చోట మూడు సంగతులు చేర్చవచ్చు: వాహకం ఏది, అది వైరస్‌ను ఏ దశలో ఎంతసేపటిలో గ్రహిస్తుంది, మందు పనిచేసే సమయం ఉందా లేదా. క్షేత్రానుభవ శిక్షణకు వచ్చే విద్యార్థులు నారు పోసే నాటికే గ్రామంలో ఉండి, గట్లమీది కలుపును, పక్కచేలలోని పత్తిని, నారుమడి వలను పరిశీలించి నమోదు చేయవలసిందిగా పాఠ్యక్రమం కోరాలి. కాయకోత వేళకు పొలానికి వెళ్లిన విద్యార్థికి కనిపించేది ముడుచుకున్న ఆకు మాత్రమే. దానిని ముడిచిన తెల్లదోమ రెండు నెలల కిందటే వచ్చిపోయి ఉంటుంది.